నూట పన్నెండో పేజీ

‘పెంటయ్యగారి ఇల్లు’ నవల: తొమ్మిదో వారం

ఆ ఆదివారం ఇంట్లో నలుగురం ఉన్నాం. ముందుగదిలో పేపరు చదువుతూ రాజారావు సార్. భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని మహేంద్రన్న. వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూ నాగేశ్వరి మేడం. కిటికీ పక్కన కంప్యూటర్ ముందు నేను. పెంటయ్యను కూడా లెక్కేస్తే ఐదుగురం. కానీ పెంటయ్య అనే మనిషి లేడు.

పోయినవారం శుక్రవారం రాత్రి దగ్గర ఆపాను. వెనకటిది చదవనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను.

పెంటయ్య పేరుతో వచ్చిన ‘బోరునీళ్ళ ఊరు’ నవల రాసింది మేడమే. సార్‌కు బీరంగూడ పక్కన ప్లాంటులో ఉద్యోగం రావడంతో వాళ్ళు ముప్పై నాలుగేళ్ళ కిందట తెనాలి వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. మేడం బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. గుమ్మడిదల దిక్కు ఊళ్ళ గురించి, మందుల కంపెనీల గురించి నవల రాశాక, తన పేరు పెడితే ‘మా కథ ఈమెకెందుకు’ అంటారని భయపడ్డారు. అందుకని పెంటయ్య. ఈ సంగతి తెలిసింది సార్‌కు, పుస్తకం అచ్చువేసిన మహేంద్రన్నకు, నాకు. మహేంద్రన్నకు బీరంగూడలో పుస్తకాల షాపు ఉంది, ఏడాదికి మూడు నాలుగు పుస్తకాలు సొంతంగా వేస్తాడు.

నాకెందుకు తెలుసంటే, టైపు చేసింది నేను. మా నాన్న మల్లేష్ ఒకప్పుడు సార్ కింద కాంట్రాక్టు పని చేశాడు. ఆ పరిచయంతో ఇంటర్ చదవడానికి నన్ను ఈ ఇంట్లో ఉంచాడు. మేడం కాగితాల మీద రాసి ఇచ్చేవారు. నేను టైపు చేస్తూ మనుషుల మాటలను మా ఊరి మాటలుగా మార్చేదాన్ని. ‘ఏవిటి’ని ‘ఏంది’ చేయడంతో మొదలై, పెళ్ళిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, పొలం కాడికి సద్ది ఎందులో కట్టుకపోతారు, అన్నీ నన్నే అడిగేవారు. నలుగురిలో నాకు నోరు లేవదు. కానీ మేడం ఒక్కరే ఉండి ఒక్కో మాట అడుగుతుంటే జవాబులు వాటంతట అవే వచ్చేవి.

అలా వేసవిలో ఒకరోజు, ‘మా ఊళ్ళె ఒకామె’ అని మొదలుపెట్టి ఒక సంగతి చెప్పాను. అదే తొమ్మిదో అధ్యాయం అయింది.

నేను పుట్టకముందు మా ఊరి కుంటలో నురుగు వచ్చి చేపలు చచ్చాయి. ఆడవాళ్ళంతా కలిసి కంపెనీ మీద అర్జీ పెట్టారు. ఆఫీసర్లు సీసాలు పట్టుకుని వచ్చి, వీధిలో మొదటి ఇంట్లో అడిగారు. ఆ ఇంటామె ‘నీళ్ళు మంచిగనే ఉన్నయి సార్, మేము తాగుతనే ఉన్నం’ అని వాళ్ళ ముందే చెంబెడు తాగింది. ఆమె భర్తకు అదే కంపెనీలో వారం కిందట పని దొరికింది. ఆఫీసర్లు ఆ మాట రాసుకుని వెళ్ళిపోయారు. అర్జీ మూతపడింది. ఆ మాట చెప్పింది ఎవరో ఊరికి ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ తిడతారు. ఆ సంవత్సరం బతుకమ్మ పండుగలో ఆరో రోజు ఆమె బతుకమ్మ పేర్చి ఆ కుంటలో వదిలింది.

ఆమె మా నాయనమ్మ పుష్పమ్మ. మేడంకు నేను ఆ ముక్క చెప్పలేదు.

ఇక నూట పన్నెండో పేజీలో ఏముందంటే, ఆరో రోజు ఊరంతా బతుకమ్మ ఆడుతుంటుంది, ఆమె కూడా అందరితో కలిసి కుంటకు వెళుతుంది. ఇది తప్పు. మా దిక్కు తొమ్మిది రోజుల్లో ఆరోది అర్రెం. ఆ రోజు బతుకమ్మ అలుగుతుందని ఎవరూ పేర్చరు, ఎవరూ ఆడరు. మేడంకు అది తెలియదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరుసగా ఆడతారనుకున్నారు. టైపు చేసేటప్పుడు నాకు తెలిసింది. దిద్దకుండా వదిలేశాను.

శుక్రవారం రాత్రి మా ఊరి బడిలో పనిచేసే యాదన్న సార్ ఆ పేజీని ఫొటో తీసి, ఎర్రగీత గీసి, పుస్తకాలు చదివేవాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టాడు. అక్కడ ఆపాను.

మహేంద్రన్న మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు. చాయ్ తాగుతూ ఆ పోస్టును మళ్ళీ పైకి చదివాడు.

“‘పెంటయ్యా, నువ్వు ఏ ఊరోనివో గానీ మా దిక్కు మనిషివైతే కాదు. ఆరో దినం అర్రెం. మా ఊళ్ళె ఐదేండ్ల పోరికి గూడ ఎర్కే. నువ్వు ఊరంతటిని ఆడించినవ్. బుక్ ఫెయిర్ల నీ స్టాలుకు వస్తున్న. మా ఊరి ఆడోళ్ళను బండిల ఎక్కించుకొని మరీ వస్తున్న. నువ్వు ఉండు.’ గిదీ మేడం. కింద నాలుగు వందల పన్నెండు కామెంట్లు.”

“అచ్చువేసింది ఐదొందలు కదయ్యా,” అన్నారు సార్ పేపరు దించకుండా. “తిట్టినవాళ్ళు నాలుగొందల పన్నెండు పోతే, ఇంకా ఎనభై ఎనిమిది మంది మంచివాళ్ళు మిగిలారు.”

“సార్, మీకు నవ్వులాటగుంది. నిన్న షాపుకు ముగ్గురొచ్చిండ్రు. పుస్తకం కొనరు, పెంటయ్య ఫోన్ నంబర్ అడుగుతరు. ఒకాయన యూట్యూబ్‌ల ‘ఎవరీ పెంటయ్య’ అని ఇరవై నిమిషాలు మాట్లాడిండు. పుస్తకం మాత్రం తెరవలే.”

“ఇంకొకడు ఏమన్నాడో అది చదువు,” అన్నారు మేడం వంటింట్లోంచి.

“వద్దులే మేడం.”

“చదువు.”

“‘ఇది మనిషి రాసింది కాదు, మిషన్ రాసింది. అర్రెం గురించి మిషన్‌కు ఎట్ల తెలుస్తది’ అని.”

మేడం గరిటె పట్టుకునే బయటికి వచ్చారు. “ఆంధ్రావాళ్ళు రాశారనుకున్నా సరే, ఊరుకుంటాను. మూడేళ్ళు చేతులు పడిపోయేలా రాస్తే మిషనా?”

యాదన్న మాటను అందరూ చూసి నవ్వుతున్నారు గానీ నాకు అందులో ఒక్క ముక్కే కనిపిస్తోంది. ముందురోజు నాన్న ఫోన్ చేశాడు. యాదన్న సార్ కిరాయికి తుఫాను జీపు మాట్లాడాడని, పద్నాలుగు మంది ఆడవాళ్ళు బయలుదేరుతున్నారని, నాయనమ్మ కూడా వస్తానంటోందని చెప్పాడు. ‘బుక్కుల జాతర నేనెప్పుడు సూడలే బిడ్డా’ అని ఆమె పక్కనుంచి అన్నది నాకు వినిపించింది. నాయనమ్మకు చదువు రాదు. కానీ స్టాలు దగ్గర యాదన్న ఆ పేజీ అందరికీ చదివి వినిపిస్తాడు. ఇప్పుడున్నట్టు ఉంటే ఫరవాలేదు. ఊరంతా నవ్వుతుంది, రాసినవాడికి ఏమీ తెలియదంటుంది, అంతే.

మహేంద్రన్న కప్పు పక్కన పెట్టాడు. “ఇగ పని చూద్దాం మేడం. మొదటి ఐదొందలు ఇరవై ఆరు రోజులల్ల అయిపోయినయి. బుక్ ఫెయిర్ శుక్రవారం మొదలు. ప్రెస్సు నరసరాజు నాలుగింటికల్లా ఫైలు పంపమన్నడు, లేకుంటే మనది పక్కన పెట్టి క్యాలెండర్లు ఎక్కిస్తడట. రెండో ముద్రణల ఆ రోజు మార్చేద్దాం. ఎన్నో దినం పెట్టాలె?”

“నన్నడుగుతావేం? నువ్వు సంగారెడ్డివాడివేగా,” అన్నారు మేడం. “నువ్వు చదివావు, ప్రూఫు చూశావు. నీకెందుకు కనపడలేదు?”

“బతుకమ్మ ఆడోళ్ళ పండుగ మేడం. మా ఇంట్ల పువ్వులు తెచ్చేది మా నాయన, పేర్చేది మా అమ్మ, ఆడేది మా అక్కలు. నేను సత్తుపిండి తినేటోన్ని. సత్తుపిండిల తప్పుంటే పట్టేటోన్ని.” అని నావైపు తిరిగాడు. “తనుశ్రీ, నువ్వు చెప్పు చెల్లె. ఎన్నో దినం?”

శుక్రవారం రాత్రి నుంచి నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే. నాకై నేను చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు తయారుగా ఉంది.

“ఏడో దినం పెట్టుండ్రన్నా.”

“అయిపాయె. కొట్టు.”

ఫైలు తెరిచి నూట పన్నెండో పేజీకి వెళ్ళాను. ‘ఆరో’ తీసేసి ‘ఏడో’ అని కొట్టాను. ఇంకెక్కడైనా ఉందేమో వెతికాను. నూట పద్నాలుగులో ఒకచోట ఉంది, అదీ మార్చాను. ఏడో రోజున ఊరంతా ఆడుతుంది కాబట్టి వాక్యం కూడా సరిపోయింది. ఎవరూ ఏమీ అనడానికి లేదు. మహేంద్రన్న ముందు పేజీలో ‘పాఠకుల సూచనలతో సవరించిన ముద్రణ’ అని పెట్టమన్నాడు. పెట్టాను. సేవ్ చేశాను.

“ఆగు,” అన్నారు మేడం.

ఆమె గదిలోకి వెళ్ళి నీలం అట్ట నోటుబుక్కు తెచ్చారు. నాతో మాట్లాడినప్పుడల్లా అందులో రాసుకునేవారు. కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు.

“జూన్ తొమ్మిది. ‘ఆరో రోజు పేర్చింది. నిజంగా ఆరో రోజేనా? ఆరో రోజే. మళ్ళీ అడిగాను. ఆరో రోజే మేడం, ఆరో రోజే.’ ఇది నా రాత. మూడుసార్లు అడిగాను తనూ. ఇప్పుడు ఏడు అంటున్నావు.”

“అప్పుడు తప్పు చెప్పిన మేడం.”

“నువ్వా?”

మహేంద్రన్న నన్ను కాపాడబోయాడు. “చిన్నపిల్ల మేడం, మరిచిపోయి ఉంటది.”

“ఈ పిల్ల మరిచిపోదు నాయనా. రోజూ డైరీ రాస్తుంది. నేను పచ్చిపులుసులో పోపు పెట్టించానని, పెట్టరు మేడం అని నా చేత ఆ పేరా అంతా తీయించింది. పీర్ల పండుగలో ఎవరు ముందు నడుస్తారో రెండుసార్లు దిద్దింది. అలాంటిది ఇంత పెద్ద తప్పు టైపు చేస్తూ పోయిందంటే నేను నమ్మను.” మేడం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు పెంచలేదు. “టైపు చేసేటప్పుడు కనపడలేదా?”

“కనవడ్డది.”

“మరి చెప్పలేదేం?”

నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ముందుగదిలో పేపరు మడిచిన చప్పుడైంది. సార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“దానికి నీ ముందు నోరు రాలేదేమోనే. వదిలెయ్యి. ఏడు అని మార్చారుగా, గొడవ పోయింది.”

“మీరుండండి.” మేడం అచ్చు పుస్తకం అందుకుని ఆ పేజీ తీశారు. పెదాలు కదుపుతూ చదువుకున్నారు. తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. “ఈ సీను రాసినప్పుడే నాకు అతకలేదు. తప్పు చేసినావిడ నలుగురిలో కలిసి పాడుతూ ఎందుకు వెళుతుంది? అందుకే పది వాక్యాలు ఎక్కువ రాసి కప్పిపుచ్చాను. చదివినవాళ్ళెవరూ కనిపెట్టలేదు గానీ నాకు తెలుసు.” నావైపు తిరిగారు. “ఎవరూ పేర్చని రోజు అది. అవునా?”

“ఏడు పెట్టుండ్రి మేడం.”

“అవునా, కాదా?”

“అవును.”

“అయితే ఆవిడ ఒక్కతే పేర్చింది. ఒక్కతే వెళ్ళింది.”

ఆమె నన్ను అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పారు. మహేంద్రన్న కుర్చీలో ముందుకు జరిగాడు.

“అమ్మో,” అన్నాడు మెల్లగా. “మేడం, గిది వేరే లెవల్ల ఉన్నది. ఊరంత ఇండ్లల్ల ఉన్న దినం, ఒక్క మనిషి. గిట్ల రాస్తే యాదన్న స్టాలు ముంగట ఏం మాట్లాడ్తడు? ‘తప్పు కాదు, తెలిసే రాసిండు’ అంటరు. మిషన్ అన్నోడు గూడ నోరు మూస్తడు. నాలుగు పేరాలు మారిస్తే అయిపోతది.”

“రెండు చాలు,” అన్నారు మేడం.

ఇక నేను మాట్లాడాలి. ముగ్గురూ నావైపు చూడటం లేదు కాబట్టి కొంచెం తేలికైంది.

“అట్ల రాయకుండ్రి మేడం. మా ఊరోళ్ళు గుర్తువడ్తరు.”

“పేరు లేదు కదా చెల్లె,” అన్నాడు మహేంద్రన్న. “ఊరు పేరు గూడ లేదు.”

“పేరెందుకన్నా? అర్రెం నాడు బతుకమ్మ పేర్చిన మనిషి మా ఊళ్ళె ఒక్కతే. వట్టి తాంబాళం వట్టుకొని కుంటకెంచి వస్తుంటె అందరు చూసిండ్రు. దినాలు లెక్క తప్పింది పాపం అని నవ్విండ్రు. ఇప్పటికీ ఎవలన్న తారీకు తప్పు చెప్తే ‘పుష్పమ్మ లెక్క’ అంటరు. చిన్నపిల్లలు గూడ అంటరు. ఆమె గూడ ‘అవును, లెక్క తప్పిన’ అని ఊకుంటది. ఎందుకు పేర్చిందో ఎవలికీ తెల్వది. ఇందుల రాస్తే తెలుస్తది. నీళ్ళు మంచిగున్నయని చెప్పింది ఆమెనే అని తెలుస్తది.”

ఈ ఇంట్లో ఉన్న ఏడాదిన్నరలో నేను ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడలేదు.

“పుష్పమ్మ ఎవరు?” అన్నారు సార్.

“మా నాయనమ్మ.”

మేడం కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

“నీకెలా తెలుసు? నీకు చెప్పిందా?”

“నాకొక్కదానికే చెప్పింది. పోయినేడు జరమొచ్చి పండుకున్నప్పుడు. తాతకు గూడ తెల్వదట. ఎవలికి చెప్పనని ఒట్టు వెట్టిచ్చుకున్నది.”

“నాకెందుకు చెప్పావు మరి?”

“మీరు అడిగిండ్రు.”

అది నిజమే. ఆ రోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆమె ‘ఆ కుంట సంగతి ఇంకేమైనా ఉందా’ అని అడిగారు. నేను చెప్పాను. చెప్పాక ‘ఒకామె’ అనే ముసుగు చాలనుకున్నాను. తర్వాత ఆమె తప్పు రాసినప్పుడు, ఆ తప్పు దానికన్నా మంచి ముసుగనిపించింది. ఆ రాత్రి డైరీలో ‘దిద్దలేదు, దిద్దను’ అని రాసుకున్నాను.

“బండిల మా నాయనమ్మ గూడ వస్తుంది మేడం. శుక్రవారం.”

“ఎక్కడికి?”

“మీ స్టాలుకు.”

మహేంద్రన్న ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. “అయితే వద్దు మేడం. ఏడే ఉంచుదాం. పుస్తకం ఇయ్యాల కాకపోతే రేపు అమ్ముడువోతది. ముసలామె ఊళ్ళె బతకాలె.”

“నాగేశ్వరీ,” అన్నారు సార్, “ఏడు చాలు.”

“ఏడు అబద్ధం అండీ.”

“నవలంటేనే అబద్ధం కదే. పెంటయ్యే అబద్ధం.”

“అవును. పేరు నాది కాదు, యాస నాది కాదు, ఊరు నాది కాదు. అన్నీ ఈ పిల్ల దిద్దిపెట్టినవే.” మేడం లేచి నిలబడ్డారు. “మూడు వందల పేజీల్లో నిజంగా ఒక మనిషి ఉన్నది అక్కడొక్కచోటే. అది నాకు తెలియక పాడుచేశాను. ఇప్పుడు తెలిసి కూడా ఏడు అని వదిలేయమంటారా?”

“ఆ మనిషి ఊళ్ళో ఉందిగా ఇంకా,” అన్నారు సార్.

మేడం గోడగడియారం చూశారు. రెండు దాటి పది నిమిషాలు.

“మహేంద్రా, నరసరాజుకు ఫోన్ చెయ్యి. నాలుగు కాదు, ఐదింటికిస్తామని చెప్పు.”

“మేడం, ఆయన...”

“బతిమాలుకో. క్యాలెండర్లు ఎక్కడికీ పోవు.”

మహేంద్రన్న ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గానీ నంబరు నొక్కలేదు. నన్ను చూశాడు, సార్‌ను చూశాడు. సార్ కిటికీ వైపు తిరిగారు. మేడం నోటుబుక్కు, పెన్ను తీసుకుని తన గదివైపు నడిచారు. నేను లేచి వెంట వెళ్ళాను. ఎప్పుడూ ఆ గదిలో కిందకూర్చుని ఆమె రాసిన కాగితాలు ఒక్కొక్కటే అందుకునేదాన్ని.

“మేడం, వద్దు.”

“నేనేం రాస్తానో నాకే తెలియదు తనూ. ఊరు మార్చొచ్చు. కుంటను బావి చెయ్యొచ్చు. ముందు రాసి చూడనీ.”

“మీరు ఏం మార్చినా అర్రెం అర్రెమే మేడం. నేను ఒట్టు వెట్టిన.”

ఆమె గుమ్మం లోపల, నేను బయట. ఆమె నా తలమీద చెయ్యి వేశారు. చెయ్యి చల్లగా ఉంది. కోపం లేదు ఆ ముఖంలో. వేసవిలో చిక్కుడుకాయలు ఒలిచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చూపు నా మీదే ఉంది గానీ నన్ను చూస్తున్నట్టు లేదు.

“ఒక్క మాట చెప్పు,” అన్నారు. “ఏం పూలు పేర్చింది?”

“గునుగు ఒక్కటే. రంగు అద్దలే, తెల్లగనే.”

అనేశాక గానీ అన్నానని తెలియలేదు. ఆమె ‘తెల్లగానే’ అని మెల్లగా తనలో తను అనుకున్నారు. నా తల మీంచి చెయ్యి తీసి తలుపు వేసుకున్నారు.